రిజిస్టరుకెక్కని తిండి

కుక్కకి ఇంట్లో వండిన తిండి పెట్టవచ్చా, కూడదా అని మా వీధిలో ఓటింగు పెడితే పెట్టవచ్చు అన్నవాళ్లే గెలుస్తారు. కూడదని ఒకే ఒక్క ఓటు పడేది. ఆ ఒక్క ఓటూ వేసే మనిషి మొన్న జూన్‌లో పోయారు. ఇప్పుడు ఈ విషయం మీద మా వీధిలో రెండో అభిప్రాయం లేదు. లేనందుకు నాకేమీ సంతోషంగా లేదు.

ఆవిడ మా ఎదురింటి టీచరు గారు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మండపేటలో సగం మందికి ఆవిడ చేతి బెత్తం దెబ్బలు తెలుసు. ఆ సగం మందీ ఈరోజుకీ పందొమ్మిదో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆవిడకి ఒక పేరుండేది గానీ వీధిలో ఎవరూ వాడలేదు. నేనిప్పుడు కొత్తగా వాడితే ఎవరి గురించో చెబుతున్నట్టుంటుంది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా అమ్మ ఒకసారి మొహమాటం లేకుండా అడిగేసింది. "టైము దొరకలేదండి" అన్నారు, ఏదో బస్సు తప్పిపోయిందన్నట్టు. అమ్మ ఆ జవాబుతో తృప్తిపడింది. తర్వాత నాతో, "నిజమేరా, బళ్లో అంతమంది పిల్లలు" అంది.

పొట్టిగా, సన్నగా ఉండేవారు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది. దాన్ని విప్పగా నేను చూడలేదు. మనుషుల్ని చూపించడానికీ, గోడ మీద పగుళ్లు చూపించడానికీ వాడేవారు. ఏదైనా ఆలోచిస్తుంటే బొటనవేలూ చూపుడువేలూ రాసుకునేవారు, రిటైరై ఇన్నేళ్లయినా ఇంకా సుద్ద అంటుకుని ఉన్నట్టు. చేతిసంచిలో ఎర్ర పెన్నుండేది. కరెంటు స్తంభాలకి అంటించిన కాగితాలు, గ్యాసు బండ మీద చీటీ, మా ఇంటి కరెంటు బిల్లు, ఏది కనబడితే అది దిద్దేసేవారు. నా కూతురి పెళ్లి శుభలేఖ దిద్ది, కింద పదికి ఏడు మార్కులు వేసి వెనక్కిచ్చారు.

ఇక కుక్క. తెల్లటి పమేరియన్. దానికి పెట్టిన పేరు ప్రిన్స్. అది మొరిగినప్పుడల్లా ఆవిడ "సైలెన్స్!" అని అరిచేవారు. రోజుకి నలభై సార్లు ఆ మాట విని విని, తన పేరు అదే అనుకుంది. సైలెన్స్ అంటే చాలు, మొరుగుతూ పరిగెత్తుకొచ్చేది. పద్ధతి మార్చుకుంటే ఓడిపోయినట్టవుతుందని ఆవిడ మార్చుకోలేదు. అరిచినకొద్దీ అది మొరుగుతూ వచ్చేది.

సైలెన్స్ తిండి పెద్ద వ్యవహారం. రాజమండ్రి నుంచి సంచులు వచ్చేవి, గుళికల తిండి. గీత గీసిన ప్లాస్టిక్ కప్పు ఒకటుండేది. పొద్దున ఏడింటికి గీత దాకా, సాయంత్రం ఆరింటికి గీత దాకా. పైగా అటెండెన్సు రిజిస్టరు. రూళ్లు గీసిన లావుపాటి స్కూలు రిజిస్టరే, రిటైరైన రోజున ఖాళీది ఒకటి అడిగి తెచ్చుకున్నారట. తేదీ, ఉదయం, సాయంత్రం, నీళ్లు, దొడ్డి, రిమార్కులు. రిమార్కుల్లో "నేడు అవిధేయత" అని రెండు మూడు చోట్ల నేనే చూశాను.

నేను రైసుమిల్లులో గుమాస్తాని. మా మిల్లులో నాలుగు కుక్కలుంటాయి. అంచేత నాకూ ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉండేది. వీధిలోకి అద్దెకొచ్చిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఆవిడతో వాదనకి దిగాను.

"మీ మిల్లు కుక్కలు ఏం తింటాయండి?" అన్నారు.

"నూకల జావండి. చేపల తలకాయలుంటే అవీ."

"ఎన్నేళ్లు బతుకుతాయి?"

"పన్నెండు, పదమూడేళ్లు బతుకుతాయండి."

"రికార్డుందా?"

"రికార్డేంటండీ, పోయినప్పుడు దగ్గరుండి పాతిపెట్టించింది నేనేనండి."

"అది రికార్డు కాదు" అన్నారు. వాదన అయిపోయింది.

మా అమ్మది ఇంకో దారి. ఆ గుళికలు మొదటిసారి చూసినప్పుడు అరచేతిలో పోసుకుని, "వరిచేలో చల్లే గుళికల్లాగున్నాయి కదండీ. పురుగు చావడానికి చల్లుతాం మేం. ఇవి తింటే దానికి కడుపు నిండుద్దా?" అంది.

"సరిగ్గా నిండుతుందండి. మనం తినేదాంట్లో ఉప్పు, కారం, నూనె, ఉల్లిపాయ. దాని ఒంటికి ఒక్కటీ పడదు. మనకి రుచి, దానికి రోగం."

"అది చూస్తా ఉంటే మీకు ముద్దెలా దిగుద్దండీ? కుక్క చూపు పడితే తిన్నది ఒంటబట్టదు."

"చూడదండి. నేర్పాను."

నిజంగానే నేర్పారు. ఆవిడ కంచం ముందు కూర్చోగానే సైలెన్స్ లేచి గోడవైపు తిరిగి కూర్చునేది. ఆవిడ చెయ్యి కడుక్కునేదాకా అలాగే, లెక్క తప్పు చేసిన పిల్లాడిలా. అది చూసి మా అమ్మ ఆ రోజంతా బాధపడింది. "గోడకేసి చూస్తా కూచుందిరా పాపం, నోరులేని జీవం" అని నాతో నాలుగు సార్లంది.

అయినా వాళ్లిద్దరికీ ఎలా కుదిరిందో నాకు తెలీదు. మా అమ్మ చదువు మూడో తరగతితో ఆగింది. ఊళ్లో చేలు చూసుకుని బతికిన మనిషి. సాయంత్రం నాలుగయ్యేసరికి వీధివైపు కుర్చీ వేసుకునేది. ఎదురుగా ఆవిడా తన కుర్చీ వేసుకునేవారు. మధ్యలో పన్నెండడుగుల వీధి. సైకిళ్లు, బళ్లు పోతూనే ఉండేవి, ఆ చప్పుళ్ల మీదుగానే వీళ్ల కబుర్లు. దగ్గరగా వచ్చి కూర్చోవచ్చు కదా అంటే, "ఎవరి అరుగు వాళ్లది" అంది అమ్మ.

మా అమ్మకి సత్యనారాయణ వ్రతాలంటే ప్రాణం. కార్తీకంలో ఒకటి, మాఘంలో ఒకటి, వైశాఖంలో ఒకటి. ఇవి కాక మొక్కులు. నా మోకాలి నొప్పికి ఒక వ్రతం, తగ్గినందుకు ఒక వ్రతం. తెల్లవారకుండా లేచి, తలస్నానం చేసి, తడిబట్టతో పొయ్యి దగ్గరికి వెళ్లేది. శేరుంబావు రవ్వ, శేరుంబావు పంచదార, పాలు, నెయ్యి, అరటిపండ్లు, జీడిపప్పు, కిస్మిస్. కథ పూర్తయి నైవేద్యం కాగానే మొదటి గిన్నె ఎదురింటికి. ప్రసాదం కాదన్నవాళ్లకి ఏమవుతుందో వ్రతకథ విన్న ప్రతివాళ్లకీ తెలుసు, అందుకని మా వీధిలో ప్రసాదం పంచడం పోస్టు పంచినంత పట్టుగా జరుగుతుంది. ఇంకో సంగతి. వ్రతం చేసుకోని ఇల్లు వీధి మొత్తానికీ ఆవిడదొక్కటే. కాబట్టి పన్నెండిళ్ల ప్రసాదమూ ఆవిడకే చేరేది. అన్నవరం వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే ఆకు పొట్లాలు సరేసరి.

ఆవిడ రెండు చేతులతో అందుకునేవారు. మర్నాడు గిన్నె తళతళలాడేలా తోమి, అందులో నాలుగు నిమ్మకాయలు వేసి ఇచ్చేవారు. ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఆవిడకీ తెలీదు.

"ఎలా ఉందండీ?" అనేది అమ్మ.

"చాలా బాగుందండి."

"నెయ్యి తక్కువైందేమో అనిపించింది నాకు."

"లేదండి, కమ్మగా ఉంది."

ఆరేళ్లపాటు ఇదే జరిగింది. ఆ మాట విన్నాక మా అమ్మ ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఆ ఆరేళ్లలో సైలెన్స్ గుండ్రంగా తయారైంది. నడిస్తే దిండు నడిచినట్టుండేది. ఏడాదికోసారి టీచరు గారు కప్పు మీద గీత కిందికి దింపేవారు. గీత దిగేది, కుక్క దిగేది కాదు. కప్పు కంపెనీ మోసం చేసిందేమోనని ఆవిడ అనుమానం. మా మిల్లు కాటా మీద ఆ కప్పు రెండుసార్లు తూకం వేయించారు.

ఆ ఏడు కార్తీకంలో నా మోకాలు పూర్తిగా నయమైందన్న సంతోషం కొద్దీ అమ్మ కిస్మిస్ రెండింతలు వేసింది. మర్నాడు పొద్దున్నే టీచరు గారు మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. చేతుల్లో సైలెన్స్, చంకలో రిజిస్టరు. గొడుగు లేదు. గొడుగు లేకుండా ఆవిడని చూడడం అదే మొదటిసారి.

"నాలుగుసార్లు వాంతి చేసుకుందండి. ఇక్కడి డాక్టరు గారు రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. మీరు కాస్త తోడొస్తారా?"

ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. కడియం దగ్గర మొక్కల లారీలు రోడ్డుకి అడ్డంగా తిప్పుకుంటున్నాయి, అక్కడో అరగంట పోయింది. సైలెన్స్ కళ్లు మూసుకుని ఆవిడ ఒళ్లో పడి ఉంది. ఆవిడ దాని చెవి దగ్గర వంగి, "సైలెన్స్, సైలెన్స్" అంటూనే ఉన్నారు. అది మొరగలేదు. నాకు దాని మీద అభిమానం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మహా అయితే ఇరవై ఏడేళ్లుంటాయి. కుక్కని చూసి, పొట్ట నొక్కి, సూది వేసి, రిజిస్టరు తీసి పేజీ పేజీ చదివింది.

"ఇంత బాగా రాసిన కేసు నేనెప్పుడూ చూడలేదండి" అంది.

టీచరు గారు తల పంకించారు.

"కానీ ఈ లెక్కకి ఈ బరువు రాదండి."

లెక్కల టీచరు గారికి ఆ మాట చెప్పిన మనిషి అంతకు ముందు పుట్టి ఉండరు. ఆవిడ వేళ్లు రాసుకోవడం మొదలెట్టారు. అంతలో బల్ల మీద సైలెన్స్ మళ్లీ వాంతి చేసుకుంది. డాక్టరమ్మ వంగి చూసి, చేతికి తొడుగు వేసుకుని, నల్లగా ఉబ్బినదొకటి వేలితో తీసింది.

"కిస్మిస్ ఎవరు పెట్టారండి దీనికి? ద్రాక్షా కిస్మిస్‌సూ కుక్కలకి విషం. కిడ్నీలు పోతాయి. ఎంత తింది, ఎప్పుడు తింది? నిజం చెప్తేనే నేను ఏమైనా చేయగలను."

ఆవిడ నావైపు చూశారు. నన్ను కాసేపు బయట కూర్చోమనవచ్చు. ఆ మాట అంటే నేను కూర్చునేవాణ్ణి కూడా. ఆవిడ అనలేదు.

"నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఒక గిన్నెడు. రవ్వ ప్రసాదం. వీళ్లింటిది."

"ఇదే మొదటిసారా?"

"కాదండి. ఆరేళ్లు. వీధి మొత్తం మీద ఏడాదికి ఇరవై దాకా."

"మరి రిజిస్టరులో లేదే?"

"అది ప్యాకెట్ తిండి కాదు, మా ఇంటి తిండీ కాదు. ఎక్కడ రాయాలో కాలమ్ లేదండి" అన్నారు.

కుక్కకి సెలైన్ పెట్టారు. నాలుగు రోజులుంచాలి, కిడ్నీల సంగతి అప్పుడుగానీ చెప్పలేమన్నారు. ఆటోలో తిరుగు ప్రయాణమయ్యాం. నాకు ఒళ్లు మండిపోతోంది. మా అమ్మ మోకాళ్ల మీద కూర్చుని శేరుంబావు రవ్వ గరిటె తిప్పి తిప్పి చేసింది కుక్క నాకిందా? ఆరేళ్లుగానా?

"పారేసినా బాగుండేదండి" అన్నాను ద్వారపూడి దాటాక.

"చేతులు రాలేదండి. మీ అమ్మగారు తడిబట్టతో వండింది చెత్తలో ఎలా వేస్తాను? విగ్రహం ముందు పెట్టింది తినకూడదని మా పద్ధతి. అమ్మ పాలతో వచ్చింది, నేను దాటలేను. ఇంట్లో తినగలిగిన ప్రాణి అదొక్కటే ఉంది."

"మాకొద్దని ఒక్క మాట చెప్తే పోయేది కదండీ?"

"చెప్తే మీ అమ్మగారు మళ్లీ నాతో మాట్లాడతారా?"

మాట్లాడదని నాకు తెలుసు.

"అమ్మకి మీరేం చెప్పకండి. ఏదో ఒక వంక పెట్టి నేనే ప్రసాదం మానిపిస్తాను" అన్నాను.

"అబద్ధం చెప్తారా?"

"చెప్తానండి. ఏం పోయింది?"

"వద్దు. ఆరేళ్లు నేను చెప్పి చూశాను. కుక్క ప్రాణం మీదికొచ్చింది."

మర్నాడు మా అమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టీచరు గారు వీధి దాటి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క తగ్గించి చెప్పలేదు. దేవుడి ప్రసాదం కుక్కకి పెడతారా అని అమ్మ విరుచుకు పడుతుందని నేను తలుపు చాటున సిద్ధంగా ఉన్నాను. అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఆవిడ మొహంకేసి చూసింది.

"మరి బాగుందన్నారు కదండీ?"

"అన్నాను."

"మొన్న వైశాఖంలో నెయ్యి మాడిందేమోనని నేనడిగితే, లేదు, కమ్మగా ఉందన్నారు."

"అన్నానండి."

"కమ్మగా ఉందని మీకెలా తెలిసింది?"

"తెలీదండి."

అమ్మ చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. దేవుడి సంగతి ఎత్తనేలేదు. ఆ తర్వాత వంటింట్లో నాతో, "కుక్క తింటే తినిందిలేరా, అదీ స్వామి చేసిన జీవమే. ఆరేళ్లు నోట పెట్టకుండానే మెచ్చుకుంది చూడు, అది నాకు కష్టంగా ఉంది" అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

సాయంత్రం నాలుగింటికి అమ్మ కుర్చీ వీధివైపు పడలేదు. పెరట్లో పడింది. ఎదురుగా ఆవిడ మాత్రం రోజూ వేసుకునేవారు. ఖాళీ అరుగుకేసి చూస్తూ ఆరు దాకా కూర్చుని, లేచి వెళ్లిపోయేవారు. అలా మూడు నెలలు. నిమ్మకాయలు లేవు, కేకలు లేవు. వీధిలో బళ్ల చప్పుడు మాత్రం బాగా వినపడేది. ఇంట్లో ఏం మాట్లాడినా తప్పే అన్నట్టుండేది. మిల్లు నుంచి ఇంటికి రావాలంటే బద్ధకమేసేది నాకు.

కుక్క బతికింది. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి గానీ బతుకుతుందన్నారు. ఐదో రోజున ఇంటికి తెచ్చారు. తెస్తే, అది గుళికల మొహం చూడడం లేదు. కప్పు ముందు పెడితే గోడవైపు తిరిగి కూర్చుంటోంది. డాక్టరమ్మ ఫోనులో, "కొన్నాళ్లు పల్చటి అన్నం జావ పట్టండి, ఉప్పు లేకుండా" అందట. టీచరు గారు సన్నబియ్యంతో కాచారు. ఉండలు కట్టింది. కుక్కకి వండడం ఆవిడకి చేతకాదు, ఎప్పుడు వండారు గనక! అది రెండు రోజులు పస్తు పడుకుంది.

ఈ సంగతి నేను భోజనం చేస్తూ మా ఆవిడతో అంటున్నాను. పక్కగదిలోంచి అమ్మ, "నూకలైతే ఉండకట్టదు" అంది. అంతకు మించి అనలేదు. మర్నాడు నేను మిల్లు నుంచి నూకలు తెస్తే చేటలో పోసుకుని చెరిగింది, జల్లించింది, రాయీ రప్పా ఏరింది, మూడు నీళ్లలో కడిగి గుడ్డ మీద ఆరబోసింది.

"పట్టుకెళ్లి ఇయ్యి. ఒకటికి ఎనిమిది నీళ్లు పొయ్యమను. ఉప్పెయ్యొద్దని చెప్పు. నేనిచ్చానని చెప్పకు."

ఇచ్చాను. టీచరు గారు గిన్నెలో చెయ్యి పెట్టి చూశారు.

"మీ మిల్లులో నూకలు ఇంత శుభ్రంగా జల్లిస్తారా?"

"జల్లిస్తారండి."

"కడిగి ఆరబెడతారా?"

"ఆరబెడతారండి."

ఆవిడ వేళ్లు రాసుకున్నారు. "మీ యజమానికి నా థాంక్స్ చెప్పండి" అన్నారు.

సైలెన్స్ ఆ జావ గిన్నెతో సహా మింగేలా తాగింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే రిజిస్టరులో రూళ్లకర్రతో కొత్త కాలమ్ గీసి ఉంది. పైన "ఇంటి తిండి" అని రాసి ఉంది. అప్పట్లో వాదించి ఓడినవాణ్ణి, గెలిచానని ఒక్క ముక్క ఎత్తిపొడుద్దామనుకున్నాను గానీ నోరు రాలేదు. కింద ఎర్ర పెన్నుతో, "వండినవారి పేరు తెలుపబడలేదు" అని రిమార్కు.

మాఘమాసంలో మళ్లీ వ్రతం వచ్చింది. పీటల మీద నేనూ మా ఆవిడా. పంతులు గారు కలశం సర్దుకుంటున్నారు. అమ్మ పొయ్యి దగ్గర. ప్రసాదం విషయంలో మా అమ్మ పట్టింపు చెప్పాలి. దేవుడికి చూపించకముందు రుచి చూడడం మాట దేవుడెరుగు, వాసన కూడా పీల్చకూడదని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కలుపుతుంది. మా చిన్నప్పుడు మా అన్నయ్య దొంగతనంగా ఒక జీడిపప్పు నోట్లో వేసుకుంటే, మొత్తం కుడితిలో పోసి మళ్లీ మొదటినుంచి వండిన మనిషి. అలాంటిది, బాండీ దింపీ దింపగానే స్టీలు గిన్నె తీసుకుని దాని నిండా ప్రసాదం పెట్టింది. కిస్మిస్ ఒక్కటీ లేకుండా ఏరింది. మూత పెట్టి గుమ్మంవైపు నడిచింది.

పంతులు గారు చూశారు. "అమ్మా, నైవేద్యం కాలేదింకా!"

"తెలుసండి."

"ముందే తీస్తే స్వామికి మిగిలింది పెట్టినట్టవుతుంది. దోషం కదమ్మా."

"దోషం నాకే కదండీ, నేను చూసుకుంటాను. ఆయన రోజూ ఎవరో ఒకరింట్లో తింటానే ఉంటాడు. ఆవిడ ఆరేళ్లనించీ నా చేతివంట తినలేదు."

పీట మీంచి లేవకూడదని మా ఆవిడ గిల్లుతున్నా వినకుండా లేచి గుమ్మంలోకి వచ్చాను. అమ్మ వీధి దాటి, మూడు నెలల తర్వాత ఆ అరుగెక్కింది. టీచరు గారు కుర్చీలోంచి లేచారు. అమ్మ గిన్నె ముందుకు చాపింది.

"ఇది ముందు తీశానండి. స్వామికి చూపించలేదు. మీరు తినొచ్చు."

ఆవిడ ఈ గడ్డ మీద పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట ఎంత పెద్దదో ఆవిడకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

"అలా తీయకూడదు కదండీ మీకు?"

"తీయకూడదు. తీశాను. ఇంకోటి కూడా చెప్పాలి మీకు. ఏటా క్రిస్మస్‌కి మీరు పంపే కేకు నేను ఏనాడూ తినలేదు. అందులో గుడ్డుంటదని. బాగుందని చెప్పేదాన్ని. మావాడికి పెట్టేసేదాన్ని."

వీధికి ఇవతల కుక్క ఉద్యోగం చేస్తున్నది నేనన్నమాట. ఆ కేకు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

టీచరు గారు నవ్వలేదు. గిన్నె అందుకుని, కుర్చీలో కూర్చుని, భోజనం ముందు అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ఏదో అనుకున్నారు. సైలెన్స్ లేచి గోడవైపు తిరిగింది. ఆవిడ తిన్నారు. మొత్తం తిన్నారు, అడుగున అంటుకున్నది వేలితో తీసుకుని కూడా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఎలా ఉందండీ?"

"పంచదార ఎక్కువైందండి."

అమ్మ నోటి మీంచి కొంగు తీసింది.

"ఎంత ఎక్కువైంది?"

"ఆరో వంతు. జీడిపప్పు ఇంకాస్త వేగాలి. రవ్వ మాత్రం బాగా వేగింది."

"శేరుంబావు లెక్కండీ. తగ్గించకూడదు."

"మీరడిగారు, నేను చెప్పాను."

అమ్మ ఖాళీ గిన్నెతో వీధి దాటి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వంక పెట్టిందిరా!" అంది నాతో. పంతులు గారితో అంది. లోపలికెళ్లి మా ఆవిడతో మళ్లీ అంది. ఆ సాయంత్రం నాలుగింటికి కుర్చీ వీధివైపు పడింది.

అప్పటినుంచీ మా ఇంట్లో అదే వాడుకైపోయింది. బాండీ దిగగానే మొదటి గిన్నె ఎదురింటికి. అక్కడినుంచి మాట వచ్చాక, నెయ్యి తక్కువంటే వేసి, రవ్వ పలుకంటే ఇంకో సెగ పెట్టి, అప్పుడు నైవేద్యం. అంటే మా ఇంటి సత్యనారాయణస్వామికి నాలుగేళ్లకు పైగా, చర్చికి వెళ్లే లెక్కల టీచరు గారు సరేనన్న ప్రసాదమే అందింది. ఆయన ఏమీ అనుకున్నట్టు లేదు. నా మోకాలు బాగానే ఉంది.

వీధిలో మిగతావాళ్లకి ఆవిడే స్వయంగా వెళ్లి, "నాకు ప్రసాదం పంపకండి, మా పద్ధతిలో తినకూడదు" అని చెప్పొచ్చారు. ఇద్దరు ముగ్గురు మొహం ముడుచుకున్నారు, మళ్లీ మామూలయ్యారు. సైలెన్స్ పొద్దున గుళికలు గీత దాకా, సాయంత్రం నూకల జావ రెండు గరిటెలు తింటూ సన్నబడి, ముసలిదై, పోయినేడు పోయింది. దొడ్లో నిమ్మచెట్టు కింద పాతిపెట్టాం. రిజిస్టరులో ఆ రోజు కూడా రాశారు. "ఉదయం: తినలేదు." సాయంత్రం కాలమ్ ఖాళీగా వదిలేశారు. ఆ తర్వాత ఆవిడ ఎంతో కాలం లేరు. మొన్న జూన్‌లో నాలుగు రోజుల జ్వరం, ఆస్పత్రి, అయిపోయింది. చర్చిలో మా అమ్మ చివరి బెంచీ దగ్గర చోటు చూసుకుంది. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలీక మొత్తం ప్రార్థన నిలబడే ఉంది.

ఈ కార్తీకంలో వ్రతం పెట్టుకున్నాం. పంతులు గారిది పక్కూరు. వ్రతాలకి తప్ప మా వీధికి రారు. కలశానికి దారం చుడుతూ వంటింటివైపు తల తిప్పి, "ఎదురింటి గిన్నె వెళ్లొచ్చిందా అమ్మా? మొదలెట్టేయనా?" అన్నారు మామూలుగా.

నేను లోపలికి వెళ్లి చూద్దును కదా, అమ్మ గిన్నె నిండా ప్రసాదం తీసి, మూత కూడా పెట్టి, చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆవిడ లేరండి. జూన్‌లో పోయారు" అని పంతులు గారికి నేనే చెప్పాను.

అమ్మ మూత తీసింది. డెబ్బై ఏళ్లొచ్చిన మనిషి, జన్మలో మొదటిసారి, నైవేద్యం కాకముందు ఒక పలుకు తీసి నోట్లో వేసుకుంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"తెలీడం లేదురా" అంది. గిన్నె నా చేతికిచ్చి, గోడకి ఆనుకుని కింద కూర్చుని ఏడ్చింది. "నాకు తెలీడం లేదు. ఆవిడ చెప్పాలి."

పంతులు గారు చేతిలో దారం కింద పెట్టేశారు. "ఫర్వాలేదమ్మా, కాసేపాగుదాం" అన్నారు.